దర్శకులు చెప్పే ‘నన్ను మలచిన సినిమాల’ జాబితాని నేనెందుకు నమ్మను

ఏ దర్శకుణ్ణి వేదిక ఎక్కించినా ఒక ప్రశ్న మాత్రం తప్పదు. “చిన్నప్పుడు మిమ్మల్ని సినిమాల వైపు లాగిన సినిమాలేవి సార్?” జవాబు కూడా దాదాపు తెలిసిందే. ఒక ఇటాలియన్ సినిమా, ఒక జపాన్ సినిమా, ఒక సత్యజిత్ రాయ్, మనవాళ్లలో కె.వి.రెడ్డి, చివర్లో ఎవరూ ఊహించని పేరు ఒకటి. చప్పట్లు.

ఈమధ్య అలాంటి సభలోనే కూర్చున్నాను. వేదిక మీదున్న దర్శకుడి సినిమాకి ఎడిటింగ్ చేసింది నేనే. ఆయన గడగడా చెప్పిన పేర్లలో ఒక్కటి కూడా మేం ఎడిట్ రూములో ఉన్నన్నాళ్లూ ఆయన నోట వినలేదు. అక్కడ ఆయన మాటిమాటికీ తలుచుకున్నది ఒక డబ్బింగ్ యాక్షన్ సినిమాని. దాని పేరు కూడా ఆయనకి సరిగ్గా గుర్తులేదు. తలుపు తెరుచుకుంటుందట. మనిషి వెంటనే లోపలికి రాడట. ఆ ఖాళీలో విలన్ చేతిలోంచి సిగరెట్ జారిపోతుందట. చిన్నప్పుడు టీవీలో ఆ సినిమా ఎప్పుడొచ్చినా ఆ సీను కోసం కాచుకుని కూర్చునేవాడట. మా సినిమాలో ఒక తల్లి గదిలోకి వచ్చే షాటు దగ్గర “ఇంకొంచెం ఆగండి, అప్పుడే రానివ్వకండి” అని ఆయన నా చేత కట్ వెనక్కి జరిపించాడు. ఆ మాట ఆయన చేత అనిపించింది ఇటాలియన్ సినిమా కాదు, ఈ పేరు తెలియని సినిమా.

ఆయన సభలో అబద్ధం చెప్పాడని నేననను. అడిగిన ప్రశ్నే అలాంటిది. ‘ఏ సినిమాలు’ అని అడిగితే ఎవరైనా పేర్లు వెతుక్కుంటారు, పేర్లు వెతుక్కున్నప్పుడు పరువు గుర్తొస్తుంది. నాకేమనిపిస్తుందంటే, కుర్రతనంలో ఒక మనిషిని దర్శకుడిగా తయారుచేసేది ఫలానా గొప్ప సినిమా అవడం చాలా అరుదు. ఏదో ఒక సినిమాని, మంచిదో చెడ్డదో, రెండోసారి, మూడోసారి చూడాల్సి రావడమే అసలు పని చేస్తుంది. ఎందుకు చూడాల్సి వచ్చిందన్నది కూడా ముఖ్యమే. ఈ అభిప్రాయానికి అడ్డొచ్చేవాళ్లు కూడా ఉన్నారు, వాళ్ల దగ్గరికీ వస్తాను.

రైలు మళ్లీ గుద్దుకోవాలి

స్పీల్‌బర్గ్ చూసిన మొదటి సినిమా కథ చాలామందికి తెలుసు. సెసిల్ బి. డిమిల్ తీసిన ‘ది గ్రేటెస్ట్ షో ఆన్ ఎర్త్’, 1952 నాటిది. నాన్న సర్కస్ చూపిస్తానంటే పిల్లాడు నిజం సర్కసే అనుకుని బయల్దేరాడు. తీరా వెళ్తే ఏనుగులూ లేవు, డేరా లేదు, ఒక తెర ఉంది. మోసపోయానని ఏడుపొచ్చినంత పనైంది. ఆ తర్వాత తెరమీద రైలు ప్రమాదం వచ్చింది.

ఆ సినిమాకి ఉత్తమ చిత్రంగా ఆస్కార్ వచ్చింది. ఆ అవార్డు పొందిన బలహీనమైన సినిమాల ప్రస్తావన వస్తే ఇప్పటికీ దాని పేరు వినిపిస్తుంది. కానీ పిల్లాడికి అవేం పట్టాయి? ఇంటికొచ్చి బొమ్మ రైళ్లని ఒకదానికొకటి గుద్దించడం మొదలుపెట్టాడు. మళ్లీ పాడుచేశావంటే రైళ్లు లాగేసుకుంటానన్నాడు నాన్న. అప్పుడు తట్టింది ఉపాయం. నాన్న 8 ఎం.ఎం. కెమెరాతో ఆ గుద్దుడుని తీసిపెట్టుకుంటే, రైళ్లకి దెబ్బ తగలకుండా ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు చూసుకోవచ్చు. 2022లో వచ్చిన ‘ది ఫేబుల్‌మన్స్’లో ఈ ముచ్చటని కథలో కలిపి తీశాడు.

ఈ కథని మామూలుగా ‘మొదటి సినిమా మాయ’ అని చెప్పుకుంటారు. నాకు అలా కనిపించదు. సినిమా ఆ పిల్లాణ్ణి భయపెట్టింది, అంతవరకే. ఆ భయాన్ని మళ్లీ మళ్లీ చూడాలన్న కోరిక, చూడ్డానికి వీల్లేదన్న నాన్న మాట, ఈ రెంటి మధ్య ఇరుక్కుని కెమెరా చేతికొచ్చింది. డిమిల్ సినిమాకి బదులు ఇంకే రైలు ప్రమాదమున్నా సరిపోయేదేమో.

పిన్నితో రెండోసారి

నా వాదనకి అసలు ఆధారం ఫ్రెంచ్ దర్శకుడు ఫ్రాన్సువా ట్రూఫో దగ్గర దొరికింది. 1975లో తన విమర్శ వ్యాసాల సంపుటానికి రాసుకున్న ముందుమాటలో ఈ సంగతి ఉంది. 1942లో, పారిస్ జర్మన్ల చేతిలో ఉన్న రోజుల్లో, పదేళ్ల పిల్లాడు బడి ఎగ్గొట్టి మార్సెల్ కార్నే సినిమా ఒకటి చూసొచ్చాడు. బాగా నచ్చింది. ఆ సాయంత్రమే పిన్ని ఇంటికొచ్చి సినిమాకి పోదాం రమ్మంది. ఆమె ఎంచుకున్నది కూడా ఆ సినిమానే. పొద్దున్నే చూసేశానని చెప్తే బడి ఎగ్గొట్టిన సంగతి బయటపడుతుంది. నోరు మూసుకుని వెళ్లి, మొదటిసారి చూస్తున్నట్టు నటిస్తూ కూర్చున్నాడు.

నచ్చిన దాని లోతుల్లోకి మళ్లీ మళ్లీ దిగితే, దాన్ని తయారుచేసే పనిలో మనమూ ఉన్నామన్న భ్రమ దాకా వెళ్లొచ్చని తనకి మొదటిసారి తెలిసింది ఆ సాయంత్రమేనని ట్రూఫో రాసుకున్నాడు.

ఈ పేరా చదివాక నేను పుస్తకం పక్కన పెట్టి చాలాసేపు ఆలోచించాను. మొదటిసారి చూసినప్పుడు కథ మనల్ని లాక్కుపోతుంది, కళ్లు దానివెంట పరిగెడతాయి. రెండోసారి కథ తెలుసు, కళ్లకి పని తగ్గింది. పని తగ్గిన కళ్లు ఊరికే ఉండవు, పక్కకి చూస్తాయి. వెలుతురు ఎటునుంచి పడుతోంది? ఈ మనిషి ఇప్పుడే ఎందుకు లేచాడు? ఎవరి మాట మీద ఎవరి ముఖం చూపించారు? ట్రూఫో విషయంలో ఇంకో మెలిక కూడా ఉంది. పిల్లాడు నటించాలి. ఎక్కడ ఉలిక్కిపడాలో, ఎక్కడ నవ్వాలో ముందే తెలుసుండాలి, సరిగ్గా సమయానికి చేయాలి. పిన్ని వైపు ఓరగా చూసే ఉంటాడని నా ఊహ. అంటే తెరని, ప్రేక్షకుణ్ణి ఒకేసారి గమనించడం. ఎడిట్ రూములో మేం చేసేది కూడా ఇదే. జీతం ఇచ్చి మరీ చేయిస్తారు.

రంగుల సినిమా, రంగుల్లేని టీవీ

హాలీవుడ్ దర్శకుడు మార్టిన్ స్కోర్సెసీకి చిన్నప్పుడు ఆస్తమా. ఆటలకి పంపేవాళ్లు కాదు, సినిమాలకి తీసుకెళ్లేవాళ్లు. దీన్ని అందరూ రాస్తారు. నాకు అంతకంటే ఆసక్తిగా అనిపించేది ‘ది టేల్స్ ఆఫ్ హాఫ్‌మన్’ సంగతి. మైకేల్ పావెల్, ఎమరిక్ ప్రెస్‌బర్గర్ ఇద్దరూ కలిసి 1951లో టెక్నికలర్‌లో తీసిన ఒపేరా అది, అంటే మాటలకి బదులు పాటలతో నడిచే కథ. రంగులే దాని ప్రాణం. న్యూయార్క్ టీవీలో ‘మిలియన్ డాలర్ మూవీ’ అని ఒక కార్యక్రమం ఉండేది, ఒకే సినిమాని వారమంతా మళ్లీ మళ్లీ వేసేవాళ్లు. స్కోర్సెసీ ఆ ఒపేరాని అక్కడే చూశాడు. బ్లాక్ అండ్ వైట్‌లో, కత్తిరించి, మధ్యమధ్యలో ప్రకటనలతో.

ఏ ఫిల్మ్ స్కూల్లోనైనా ఒక క్లాసిక్‌ని ఇలా చూపిస్తే గొడవైపోతుంది. కానీ రంగులు పోతే ఏం మిగిలింది? కదలిక, సంగీతం, ముఖాలు, కట్లు. అందులో పడవ మీద ఒక కత్తియుద్ధం ఉంది. మాటల్లేవు, కత్తుల చప్పుడు లేదు, సంగీతమొక్కటే. అక్కడ నటుడు రాబర్ట్ హెల్ప్‌మన్ కళ్లు కదిలే తీరు తన మనసులో ఉండిపోయిందని, తను తీసిన ‘టాక్సీ డ్రైవర్’లో హీరో డి నీరో కళ్లని నెమ్మదిగా తీసిన షాట్లకి అదే మూలమని స్కోర్సెసీ చెప్పాడు. ఆ షాట్లు చూసి ఒపేరాని ఊహించగలిగినవాళ్లు ఎవరైనా ఉంటారా?

ఇంకో విశేషముంది. అదే సినిమా 16 ఎం.ఎం. ప్రింటుని స్కోర్సెసీ అద్దెకి తెచ్చుకునేవాడు. కొన్నిసార్లు వెళ్తే ఆ ప్రింటు ఉండేది కాదు, వేరెవరో పట్టుకుపోయేవారు. ఆ వేరెవరో జార్జ్ రొమేరో అని తర్వాత తెలిసింది. 1968లో ‘నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్’ తీసి జాంబీ సినిమాలకి దారి వేసిన మనిషి. తనని సినిమాల్లోకి తెచ్చింది ఆ ఒపేరానే అని ఆయన కూడా చెప్పుకున్నాడు. ఒకే సినిమా, ఒకే ప్రింటు. ఒకరు న్యూయార్క్ వీధుల్లోకి వెళ్లారు, ఇంకొకరు శవాల్ని లేపారు. ఇద్దరి జాబితాల్లోనూ ‘హాఫ్‌మన్’ అని రాసి ఉంటే, ఆ పేరొక్కదాంతో వాళ్లేం తీస్తారో మనకేం తెలుస్తుంది?

తర్వాతి రోజుల్లో ఆ సినిమాని పూర్తి రంగుల్లో పునరుద్ధరించడంలో స్కోర్సెసీ పెట్టిన ఫిల్మ్ ఫౌండేషన్ పాలుపంచుకుంది. తను చూడనిదాన్ని మనకి చూపించాడన్నమాట.

మాయాబజార్ అనే పెద్ద ఇబ్బంది

ఇక్కడ మనవాళ్లు అడ్డొస్తారని తెలుసు. తెలుగు దర్శకుల్లో ‘మాయాబజార్’ పేరెత్తనివాళ్లని వెతకాలి. 1957 నుంచి ఇప్పటిదాకా ఇన్ని తరాలు ఒకే సినిమాని చెప్తున్నాయంటే అది సినిమా గొప్పతనం కాక మరేంటి అని అడగొచ్చు.

గొప్పతనమే. కాదనేంత ధైర్యం నాకు లేదు. కానీ అందరూ చెప్పే పేరు ఎవరి గురించీ ఏమీ చెప్పదు. ఆ సెట్లో కె.వి.రెడ్డి దగ్గర సహాయకుడిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు ‘మాయాబజార్’ అంటే ఒక అర్థం. టీవీలో మధ్యనుంచి చూసి పెరిగినవాడు ‘మాయాబజార్’ అంటే వేరే అర్థం.

పైగా రెండోసారి చూస్తేనే తెరుచుకునే సినిమాల్లో దీన్ని మించినది నాకు తెలియదు. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుణ్ణి సావిత్రి చేస్తుంటే మొదటిసారి పడీపడీ నవ్వుతాం. ఆ నడక, ఆ మెడ విసురు ఎస్.వి.రంగారావువి అని, ఆమె వాటిని ఒక్కొక్కటే ఎత్తుకుందని తెలిసేది మళ్లీ చూసినప్పుడే. ఇంకా చాలాసార్లు చూశాక గానీ, మొత్తం కథ పాండవుల బంధువర్గం చుట్టూ తిరుగుతున్నా పాండవులు ఒక్కసారి కూడా తెరమీదకి రారన్న సంగతి నాకు తట్టలేదు. తట్టిన రోజు నిద్ర పట్టలేదు. లేనివాళ్లని లేరని అనిపించకుండా నడిపించడం ఎంత కష్టమో కట్ చేసేవాళ్లకి బాగా తెలుస్తుంది.

సరే, మళ్లీ మళ్లీ చూడడమే మందు అయితే మన ఇళ్లల్లో సగంమంది దర్శకులై ఉండాలి. మా అమ్మకి ‘మాయాబజార్’ డైలాగులతో సహా వచ్చు. ఆమె సినిమా తీయలేదు, తీయాలనీ అనుకోలేదు. ఈ అభ్యంతరం గట్టిదే. దీనికి నాకు దొరికిన జవాబు ఇది: అలవాటుగా మళ్లీ చూడడం వేరు, ఏదో ఒక పని నెత్తిన పెట్టుకుని మళ్లీ చూడడం వేరు. స్పీల్‌బర్గ్‌కి రైళ్లు కాపాడుకునే పని. ట్రూఫోకి దొరక్కుండా ఉండే పని. పనేమీ లేకపోతే రెండోసారి చూడడం హాయిగా ఉంటుంది, అంతే. హాయిలో తప్పు లేదు, మా అమ్మని దర్శకురాలిని చేయాలన్న పట్టుదల నాకేమీ లేదు.

రాయ్, కురొసావా

నా వాదనకి ఎదురు నిలిచే పెద్ద పేరు సత్యజిత్ రాయ్. 1950లో అడ్వర్టైజింగ్ కంపెనీ ఉద్యోగం మీద లండన్ వెళ్లాడు. నెలల వ్యవధిలో వందకి అటూఇటూగా సినిమాలు చూశాడు. వాటిలో ‘బైసికిల్ థీవ్స్’ అనే ఇటాలియన్ సినిమా చూసి బయటికొచ్చాక ఇలాగే తీయాలని తేల్చుకున్నాడు. తిరుగు ప్రయాణంలో ఓడ మీదే ‘పథేర్ పాంచాలి’ పని మొదలైంది. గొప్ప సినిమా, ఒక్క దెబ్బ, దర్శకుడు తయారు. నా సిద్ధాంతం గంగలో కలిసినట్టే కదా?

కాస్త ముందుకెళ్లి చూడాలి. అప్పటికి ఆయనకి ఇరవై తొమ్మిదేళ్లు. 1947లోనే కలకత్తా ఫిల్మ్ సొసైటీ పెట్టినవాళ్లలో ఒకడు. ‘ది రివర్’ తీయడానికొచ్చిన ఫ్రెంచ్ దర్శకుడు రెన్వా వెంట లొకేషన్లు తిరిగినవాడు. అన్నిటికంటే నన్ను ఆకట్టుకున్నది ఆయన పెట్టుకున్న ఒక సరదా. ఏ నవల సినిమాగా రాబోతోందో తెలుసుకుని, ఆ సినిమా రాకముందే తనే ఒక స్క్రీన్‌ప్లే రాసుకునేవాడు. సినిమా వచ్చాక పక్కపక్కన పెట్టి పోల్చుకునేవాడు. అంటే థియేటర్‌లో మొదటిసారి చూసేటప్పటికే ఆయనది రెండోసారి. ఇంతకంటే పని ఉన్న చూపు ఉంటుందా? ‘బైసికిల్ థీవ్స్’ ఆయనకి సినిమా నేర్పలేదనుకుంటాను. స్టార్లు, స్టూడియో లేకుండా బయట తీయొచ్చన్న ధైర్యం ఇచ్చింది. అది తక్కువని కాదు. కానీ ధైర్యం ఎవరిచ్చారన్నదీ, చూపు ఎక్కడ తయారైందన్నదీ రెండు వేర్వేరు ప్రశ్నలు. జాబితాలు మొదటిదానికే జవాబు చెప్తాయి.

జపాన్ దర్శకుడు కురొసావా మాత్రం నాకు లొంగలేదు. ఆయన ఆత్మకథలో చిన్నప్పుడు చూసిన సినిమాల జాబితా ఉంది, 1919 నుంచి సంవత్సరాలవారీగా, దాదాపు వంద. అరవయ్యేళ్లు దాటిన మనిషి అన్ని పేర్లు రాయగలిగాడంటే అవి ఎంత లోతుగా దిగి ఉండాలి! మళ్లీ చూశానని గానీ, చూడాల్సి వచ్చిందని గానీ పెద్దగా చెప్పడు. ఇక్కడ నా రెండోసారి సిద్ధాంతం పనిచేయదు.

అయినా ఆ జాబితా పట్టుకుని ఆ సినిమాలన్నీ వెతికి చూస్తే కురొసావా చూసింది మనం చూసినట్టు కాదు. ఏ సినిమాలు చూడాలో చెప్పింది వాళ్లన్న హెయ్‌గో. ఆయన మూకీ సినిమాలకి పక్కన నిలబడి కథ, మాటలు చెప్పే బెన్షి. జపాన్‌లో మూకీ సినిమా మూగగా ఉండేది కాదు, బెన్షి గొంతుని బట్టి జనం థియేటర్‌ని ఎంచుకునేవాళ్లు. టాకీలొచ్చాక ఆ వృత్తి కుప్పకూలింది. బెన్షిల సమ్మెకి ముందు నిలబడినవాళ్లలో హెయ్‌గో ఒకడు. 1933లో ఆత్మహత్య చేసుకున్నాడు. 1950లో ‘రషోమన్’ తీసేటప్పుడు, టాకీలొచ్చాక మనం మూకీల అందాన్ని మర్చిపోయామని, అక్కడికి తిరిగి వెళ్లాలనుకున్నానని తమ్ముడు రాశాడు. దీనికి కారణం అన్నేనని తేల్చి చెప్పడం నా హద్దు దాటడమే. కానీ ఆ వంద సినిమాల్లో ఏ ప్రింటులోనూ లేనిది ఆ గొంతు. జాబితాలోకి అదెలా ఎక్కుతుంది?

రివైండ్ బటన్, ఆ తర్వాత

క్వెంటిన్ టరంటినో 2022లో వేసిన పుస్తకం నాకు నచ్చింది ఇందుకే. డెబ్బైల నాటి సినిమాల గురించి రాస్తూ ఆయన సినిమాతో ఆగడు. ఏ థియేటర్, పక్కన ఎవరున్నారు, ఏ సినిమాకి జతగా ఏది వేశారు, జనం ఎక్కడ అరిచారు, అన్నీ రాస్తాడు. కొన్నిచోట్ల తెరమీద కథ కంటే హాల్లో కథే బాగుంటుంది. సినిమాల గురించి ఆయన తీర్పులు సగం నాకు మింగుడుపడవు, అది వేరే సంగతి.

ఆయన వీడియో షాపులో పనిచేసి దర్శకుడయ్యాడు. మన రాంగోపాల్ వర్మ ‘శివ’కి ముందు హైదరాబాద్‌లో వీడియో లైబ్రరీ నడిపాడు. దొరక్కపోవడం వల్లే పిచ్చి పుడుతుందని, ఇప్పుడన్నీ దొరుకుతున్నాయి కాబట్టి కొత్తవాళ్లకి ఆ ఆకలి లేదని మా వయసువాళ్లు అనడం వింటుంటాను. వీళ్లిద్దర్నీ చూస్తే ఆ మాట నిలవదు. గోడనిండా క్యాసెట్ల మధ్య పెరిగినవాళ్లు వీళ్లు. దొరకకపోవడం కంటే రివైండ్ బటన్ దగ్గరే ఎక్కువ మంది తయారయ్యారని నా అనుమానం.

ఇప్పటి పరిస్థితి గురించి నాకు స్థిరమైన అభిప్రాయం లేదు. ఒక సినిమా అయిపోగానే యాప్ ఇంకోటి తోసేస్తుంది, పేర్లు పడేదాకా కూడా ఉండనివ్వదు. అది చూస్తే ఒళ్లు మండుతుంది. అదే సమయంలో నా దగ్గర అసిస్టెంట్‌గా చేరిన కుర్రాడున్నాడు. హీరోల ఫ్యాన్ ఎడిట్లు కట్ చేస్తూ వచ్చినవాడు. ఒక ఎలివేషన్ సీన్‌లో నటుడు ఏ ఫ్రేములో రెప్ప వేస్తాడో వాడికి కంఠతా వచ్చు. ఆ సీన్ తర్వాత కథలో ఏమవుతుందిరా అని అడిగాను. తెలీదన్నాడు. సినిమా మొత్తం చూడనేలేదట.

చిరాకేసింది. తర్వాత స్వీడన్ దర్శకుడు బెర్గ్‌మన్ చిన్నతనం గుర్తొచ్చింది. క్రిస్మస్‌కి అన్నకొచ్చిన చిన్న ప్రొజెక్టర్ కోసం తన తగరపు సైనికుల్ని మొత్తం ఇచ్చేశాడాయన. దాంతోపాటు వచ్చిన ఫిల్ము కొన్ని మీటర్లే. పచ్చికలో ఒకమ్మాయి పడుకుని ఉంటుంది, నిద్ర లేస్తుంది, కుడివైపుకి వెళ్లిపోతుంది. హ్యాండిల్ తిప్పుతూ ఉంటే మళ్లీ అక్కడే పడుకుని ఉంటుంది. ఆయన దగ్గరున్నది కూడా ముక్కే, సినిమా కాదు. కథ తెలియకుండా సీను తెలుసుకోవడం తప్పని నేను ఏ నోటితో అనను?

మొన్న ఒక సంభాషణ కట్ చేసి వదిలేసి వెళ్లాను. వచ్చేసరికి మావాడు ఒక చోట కొన్ని ఫ్రేములు ముందుకి జరిపాడు, హీరోయిన్ రెప్ప వాల్చకముందే అవతలి ముఖానికి వెళ్లిపోయేలా. ఎందుకంటే సరిగ్గా చెప్పలేకపోయాడు, “రెప్ప పడితే ఒప్పుకున్నట్టుంది సార్” అన్నాడు. ఆమె ఆ సీన్‌లో ఒప్పుకోకూడదు. కట్ అలాగే ఉంచేశాను. స్క్రిప్టు చదివావా అని అడిగితే మాత్రం చదవలేదన్నాడు.